కూలికి పోయిన కాడ కుర్చీ దొరుకుతదా? షోలాపూర్ మాస్టర్ ముచ్చట

మన ఫోన్లకు ఒక రకం మెసేజ్ మస్తుసార్లు వస్తది. "అమెరికాల మన తెలుగు ఆడబిడ్డ" అని ఫొటో, దాని కింద చప్పట్ల బొమ్మలు. అరుణా మిల్లర్ ముచ్చట గట్లనే తిరిగింది. పుట్టింది హైదరాబాద్ల. 1972ల, ఏడేండ్ల వయసప్పుడు, అమ్మనాయనలతోని అమెరికా పోయింది. 2010ల మేరీల్యాండ్ రాష్ట్ర సభకు గెలిచి ఎనిమిదేండ్లు అండ్ల కూసున్నది. 2023 జనవరిల అదే రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్ అయింది. సంతోషమే. నేను గూడ ఆ మెసేజ్ నలుగురికి పంపిన.

పంపినంక ఒక ఆలోచన వచ్చింది. సముద్రాలు దాటి పోయినామె పేరు మనకు ఎరికే. మరి గద్వాల నుంచి రాయచూర్, గుల్బర్గా మీదికెళ్లి పోతే వచ్చే షోలాపూర్ల మనోళ్ల బిడ్డలు ఎవరు గెలిచిన్రో, ఏం చేసిన్రో మనలెంతమందికి ఎరిక? మన జిల్లాల నుంచి అమెరికా పోయేటోళ్లు కొందరే. పూణె, బొంబాయి, బెంగుళూరుకు తట్ట, పార పట్టుకొని పోయేటోళ్లు ఊరూరికి ఉన్నరు. అందుకే మనకు పనికొచ్చే పాఠం మేరీల్యాండ్ల కంటె షోలాపూర్ల ఎక్కువున్నది.

అయిదు ఎన్నికలు, ముగ్గురు మనోళ్లు

షోలాపూర్ మహారాష్ట్రల ఉన్నది. ఆడ మరాఠీ మాట్లాడుతరు, కన్నడ మాట్లాడుతరు, ఉర్దూ మాట్లాడుతరు. ఊరికి తూర్పు దిక్కు పోతే మాత్రం తెలుగు ఇనవడుతది. 1870లల ఆడ బట్టల మిల్లు వచ్చింది. అదే టైముకు దక్కన్ల పెద్ద కరువు. నిజాం ఇలాకల వెట్టి, పన్నులు, మిల్లు బట్ట వచ్చి చేతి మగ్గాన్ని మింగుడు, ఇవన్నీ కలిసి మన దిక్కు పద్మశాలీలను ఊర్ల నుంచి కదిలించినయి. కొందరు మిల్లుల చేరిన్రు. కొందరు ఇంట్లనే మగ్గం పెట్టిన్రు. తర్వాత పవర్‌లూములు వచ్చినయి. మన ఇండ్లల్ల కప్పుకునే షోలాపూర్ చద్దర్, తువ్వాల వెనుక మన భాష మాట్లాడే చేతులు ఉన్నయి. ఆడోళ్లు బీడీలు చుట్టిన్రు, ఇప్పటికీ చుడుతున్నరు.

ఈ కూలోళ్ల పిల్లలు, మనుమలు ఆ ఊరి ఓటర్లయిన్రు. ఏమైంది? షోలాపూర్ లోక్‌సభ సీటు లెక్క చూడున్రి. 1980, 1984ల గంగాధర్ కుచన్ గెలిచిండు. 1989, 1991ల ధర్మణ్ణ సాదుల్ గెలిచిండు. ఈ ఇద్దరిది కాంగ్రెస్. 1996ల బీజేపీ నుంచి లింగరాజ్ వల్యాల్ గెలిచిండు. ముగ్గురూ పద్మశాలీలే, తెలుగు మూలాలోళ్లే. అంటే 1980 నుంచి 1998 దాకా, వరుసగ అయిదు ఎన్నికల్ల, మహారాష్ట్రల ఒక ఊరు ఢిల్లీకి పంపింది మన వలసోళ్ల బిడ్డలనే. 1998ల సుశీల్‌కుమార్ షిండే గెలిచినంక ఆ వరుస తెగింది. 2009 నుంచి ఆ సీటు ఎస్సీ రిజర్వుడు అయింది.

ఇదెట్ల సాధ్యమైంది? మనోళ్లు ఒక్క కాడనే కుదురుకున్నరు. ఒక్క పేటల, ఒక్క గల్లీల. వాళ్లకు రేషన్ కార్డు ఆడ్నే, ఓటు ఆడ్నే, పిల్లల బడి ఆడ్నే. మార్కండేయ గుడి కట్టుకున్నరు. రాఖీ పున్నానికి మార్కండేయ రథం తీస్తే ఊరంత కదులుతది. లీడర్లకు ఈ మంది కనవడ్డరు. కనవడ్డ మందికి టికెట్ దొరుకుతది.

కులం ఒక్కటే, కూలి ఒక్కటి గాదు

ఇక్కడ్నే ఆగితే ఇది గొప్పలు చెప్పుకునే ముచ్చట అయితది. అసలు ముచ్చట ఇప్పుడు మొదలైతది.

షోలాపూర్ల పవర్‌లూము నడిపే కార్మికుడు పద్మశాలి. చానా కాడ ఆ పవర్‌లూము షెడ్డు సావుకారి గూడ పద్మశాలే. ఇద్దరూ తెలుగే మాట్లాడుతరు. ఇద్దరూ ఒక్క గుడికే పోతరు. కూలి పెంచుమంటే మాత్రం ఇద్దరూ చెరో దిక్కు నిలవడుతరు. "మనోడు గెలిచిండు" అన్నప్పుడు అండ్ల ఏ మనోడు అని అడగాలె. ఆ ప్రశ్న అడిగి రాజకీయం చేసిన మనిషి నర్సయ్య ఆడం. షోలాపూర్ల అందరూ ఆడం మాస్టర్ అంటరు. తెలుగు పద్మశాలి, కార్మిక కుటుంబం. పార్టీ సీపీఎం.

మాస్టర్ ఢిల్లీ పార్లమెంటుకు పోలే. బొంబాయి అసెంబ్లీకి పోయిండు. 1978ల మొదటిసారి, 1995ల రెండోసారి, 2004ల మూడోసారి గెలిచిండు. జెర ఆ ఏండ్లను చూడున్రి. మొదటి గెలుపుకు రెండో గెలుపుకు నడుమ పదిహేడేండ్లు. రెండో దానికి మూడో దానికి తొమ్మిదేండ్లు. 2009ల నియోజకవర్గాల హద్దులు మారినయి. షోలాపూర్ సిటీ సెంట్రల్ల సుశీల్‌కుమార్ షిండే బిడ్డ ప్రణీతి షిండే మీద ఓడిండు. ఆమె 2014, 2019ల గూడ గెలిచింది. మాస్టర్ 2024ల గూడ నిలవడ్డడు, గెలువలే. అంటే ఈయన రాజకీయ బతుకుల సభల కూసున్న ఏండ్ల కంటె సభ బయట ఉన్న ఏండ్లే మస్తు ఎక్కువ.

మరి గిసొంటి మనిషి గురించి ఎందుకు రాస్తున్న? ఇండ్ల కోసం.

బీడీ చుట్టే అవ్వకు ఇల్లంటే ఏంది

బీడీ పని ఎట్లుంటదో మన నిజామాబాద్, కరీంనగర్ దిక్కోళ్లకు బాగ ఎరిక. కంపెనీ ఆకు, తంబాకు ఇస్తది. ఆడామె ఇంటికి తెచ్చుకొని ఆకు నానబెట్టి, కత్తిరించి, చుట్టి, దారం కట్టి, వెయ్యి లెక్కన అప్పజెప్పాలె. వెయ్యికి ఇంత అని కూలి. ఫ్యాక్టరీ అంటే ఆమె ఇల్లే. కిరాయి పది బై పది రూములనే ఆకు, తంబాకు, పొయ్యి, పసిపిల్ల, ముసలి అత్త. తంబాకు దుమ్ము పిల్లల ముక్కులకే పోతది. కిరాయి సావుకారి ఎళ్లగొడితే ఇల్లు ఒక్కటే పోదు, పని జాగ గూడ పోతది. అందుకే బీడీ కార్మికురాలికి ఇల్లు అంటే కూలి అంత ముఖ్యం.

1966ల బీడీ కార్మికుల చట్టం వచ్చింది. 1976ల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. 2017ల తీసేసేదాంక బీడీల మీద సెస్ వసూలు జేసి దవఖాన, పిల్లల స్కాలర్‌షిప్, ఇండ్లకు పెట్టాలని ఉండె. కాగితం మీద హక్కు ఉండె. దాన్ని కాగితం మీదికెళ్లి నేల మీదికి దింపుటానికి సంఘం కావాలె. మాస్టర్, ఆయన యూనియన్ చేసిన పని గదే. కార్మికులతోని సొసైటీ పెట్టించిన్రు. కేంద్రం కొంత, రాష్ట్రం కొంత, కార్మికురాలు కొంత, ఇట్ల పైసలు కూడబెట్టి షోలాపూర్ పక్కన కుంభారి కాడ పది వేల ఇండ్ల కాలనీ కట్టిన్రు. గోదావరి పరులేకర్ పేరు పెట్టిన్రు. ఆమె మహారాష్ట్రల వార్లీ ఆదివాసుల వెట్టి మీద కొట్లాడిన మనిషి. 2006ల అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ఆ ఇండ్లు అప్పజెప్పిండు.

నేనొకసారి ఆ దిక్కు పోయిన. గుమ్మం కాడ కూసొని ఒక అవ్వ బీడీలు చుడుతున్నది. చాట ఒడిల ఉన్నది, చేతులు ఆగుతలేవు. నన్ను చూసి తెలుగులనే అడిగింది.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"వనపర్తి దిక్కు అవ్వా."

"మా తాతలది గూడ తెలంగాణే అంటరు. ఊరి పేరు మాకెవ్వరికీ యాదికి లేదు" అన్నది. మల్ల ఎనుకకు తిరిగి గోడను చేతితోని తట్టింది. "ఇగ ఇదే మా ఊరు."

ఊరి పేరు మరిచిపోయినా ఆమె పేరు ఓటరు లిస్టుల ఉన్నది. గోడ ఆమెది. మన ఊరు పేరు గట్టిగ యాదికున్న మన పిల్లలకు పూణెల ఆ రెండూ లేవు.

ఇద్దరు ప్రధానులు, ఒక తిప్పల

పది వేల ఇండ్లతోని మాస్టర్ ఆగలే. బీడీ కార్మికులే గాదు, పవర్‌లూము కూలోళ్లు, చెత్త ఏరేటోళ్లు, బండి మీద అమ్ముకునేటోళ్లు, డ్రైవర్లు, ఇట్ల అసంఘటిత కార్మికులకు ముప్పై వేల ఇండ్లని ఇంకో పని నెత్తికెత్తుకున్నడు. దాని పేరు రేనగర్. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద పైసలు రావాలె. కేంద్రంల, రాష్ట్రంల బీజేపీ సర్కార్లు. మాస్టర్ది ఎర్ర జెండా.

2019 జనవరి 9న ప్రధాని మోదీ షోలాపూర్ వచ్చి ఆ పనికి పునాది రాయి వేసిండు. స్టేజీ మీద మాస్టర్ గూడ ఉన్నడు. మోదీని, ముఖ్యమంత్రి ఫడ్నవీస్‌ను మెచ్చుకున్నడు. ఆయన పార్టీకి కోపమొచ్చింది. కేంద్ర కమిటీ నుంచి మూడు నెలలు సస్పెండ్ చేసింది. 2024 జనవరి 19న మోదీ మళ్ల వచ్చి పదిహేను వేల ఇండ్లు అప్పజెప్పిండు. చిన్నప్పుడు నాకు గూడ గిసొంటి ఇల్లు ఉంటే బాగుండు అనుకుంట స్టేజీ మీదనే కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. టీవీలన్నీ ఆ కన్నీళ్లనే చూపెట్టినయి. ఆ ఇండ్ల కోసం ఏండ్లకేండ్లు మోర్చలు తీసిన బీడీ ఆడోళ్లు ఏ టీవీల కనవడ్డరు?

మాస్టర్ చేసింది తప్పా, ఒప్పా? పార్టీ వాదనల దమ్మున్నది. ఎన్నికల ఏడాదిల ప్రధానిని పొగిడితే అది ఒక మనిషి మర్యాద కింద ఉండదు, ప్రచారం అయితది. ఇల్లు సర్కారు దానం గాదు, మన పన్ను పైసలు. మాస్టర్ దిక్కు నుంచి చూస్తే ముప్పై వేల కుటుంబాలు ఎదురు చూస్తున్నయి. ఫైలు ఢిల్లీల ఉన్నది. ఫైలు కదిలించినోన్ని నాలుగు మంచి మాటలు అనుడు ఎంత పెద్ద నేరం? నా మట్టుకు నేను అడిగితే, పొగుడుడు తప్పు, ఇండ్లు తెచ్చుడు ఒప్పు. రెండూ ఒక్క మనిషి ఒక్క రోజే చేసిండు. కూలోళ్ల దిక్కు నిలవడ్డ ఏ లీడర్‌కైనా ఈ తిప్పల వస్తది. అధికారం ఎప్పుడూ ఎదుటోని చేతిలనే ఉంటది గద.

ఇంకొకటి. ఇన్ని ఇండ్లు తెచ్చినోడు ఎన్నికల్ల ఎందుకు గెలువలే? కారణాలు చానా ఉన్నయి. సీటు హద్దులు మారినయి. మిల్లులు మూతవడ్డయి, వాటితోని యూనియన్లు సన్నవడ్డయి. ఓట్లు మతం లెక్కన చీలుతున్నయి. వాటితోపాటు నాకు తోచింది ఇంకొకటున్నది. కుంభారి షోలాపూర్ సిటీల లేదు, దక్షిణ షోలాపూర్ తాలూకాల ఉన్నది. కొత్త ఇంటికి మారినామె ఓటు గూడ ఆడికి మార్చుకుంటే మాస్టర్ సీటుల ఒక ఓటు తగ్గినట్టే. తను కట్టించిన ఇల్లే తన ఓటును తోలుకపోతది. ఓటు మనిషితోని నడువది, జాగతోని నడుస్తది. పాలమూరోళ్లం ఈ మాటను గట్టిగ పట్టుకోవాలె.

మన ఓటు యాడున్నది?

షోలాపూర్ మనోళ్లు ఒక్క కాడ కుదురుకున్నరు గాబట్టి వాళ్ల మంది లెక్కకొచ్చింది. పాలమూరు లేబర్ కథ వేరే. గుంపు మేస్త్రీ ముందుగాల అడ్వాన్స్ ఇస్తడు. ఆలుమొగలు ఇద్దరూ జంటగ పోతరు. ఒక సైటు అయిపోతే ఇంకో సైటు. దేశంల ఎన్ని డ్యాములు, ఎన్ని కాలువలు మనోళ్లు తవ్విన్రో లెక్క లేదు. కట్టిన కాడ ఉండరు, ఉన్న కాడ ఓటుండదు.

చట్టం ఏమంటదో చెప్తా. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం నువ్వు మామూలుగ నివాసం ఉండే కాడ ఓటు ఉండాలె. పనికని కొన్నాళ్లు బయటికి పోయినంత మాత్రాన ఊర్ల ఓటు పోదు. పనిచేసే కాడ్నే ఉంటా అంటే ఫారం 8 నింపి అక్కడికి మార్చుకోవచ్చు. రెండు కాడ్ల ఉంచుకునుడు నేరం. మార్చుకుంటందుకు ఉన్న కాడి చిరునామా రుజువు కావాలె. రేకుల షెడ్డుల పండేటోనికి ఆ రుజువు ఎవ్వడిస్తడు?

గందుకే మనోళ్లు ఊర్లనే ఓటు ఉంచుకుంటరు. మొన్న డిసెంబర్ల సర్పంచ్ ఎన్నికలప్పుడు మన ఊర్లల్ల చూడలేదా? వలస పోయినోళ్ల ఫోన్ నంబర్లు ఏరుకొని మరీ ఫోన్లు చేసిన్రు. రానుపోను కిరాయిలు ముట్టజెప్పిన్రు. ఓటు పడ్డ తెల్లారే బస్సెక్కితే మళ్ల అయిదేండ్ల దాంక ఆ నంబరుకు ఫోన్ రాదు. ఈడ ఓటు ఉంటది, మనిషి ఉండడు. ఆడ మనిషి ఉంటడు, ఓటు ఉండది. పూణె కార్పొరేటర్‌కు నీ షెడ్డుల నీళ్లు రాకున్నా ఫికర్ లేదు. మన ఎమ్మెల్యేకు నీ సైటుల గోడ కూలినా ఫికర్ లేదు. 2020 లాక్‌డౌన్ల పసిపిల్లలను సంకల పెట్టుకొని నడిచొచ్చినప్పుడు మనకు రెండు రాష్ట్రాలల్ల ఒక్క లీడర్ గూడ దిక్కు లేకపాయె.

ఎన్నికల సంఘం 2022 డిసెంబర్ 29న ఒక మిషన్ గురించి చెప్పింది. వలస పోయిన కాడ్నుంచే సొంతూరి ఓటు వేసే మిషన్. ఒక్క మిషన్ల 72 నియోజకవర్గాల దాంక ఎక్కియ్యొచ్చు అన్నది. తర్వాతి నెల పార్టీలను పిలిచి చూపెడతా అంటే ప్రతిపక్షాలు అభ్యంతరం చెప్పినయి. ఎవరు వలసోడు, లెక్క యాడున్నది, ఏజెంట్లు ఎట్ల కూసోవాలె అని. ప్రశ్నలు న్యాయమైనవే. ముచ్చట మాత్రం ఆడ్నే ఆగింది. విదేశాలల్ల ఉన్న మనోళ్ల పేర్లు సొంతూరి లిస్టుల పెట్టుటానికి 2010ల చట్టమే సవరించిన్రు. దుబాయ్ల ఉన్నోని గురించి ఆలోచన చేసినోళ్లు పూణెల ఉన్నోని కాడికి రాలే.

ఇప్పుడు ఏం జేయాలె?

షోలాపూర్ నుంచి నేను నేర్చుకున్నది మూడు ముచ్చట్లు. మనోడు గెలిచిండని మురుసుడు సాలదు, గెలిచినోడు కూలోని దిక్కున్నడా సావుకారి దిక్కున్నడా చూడాలె. సంఘం లేకుంటే చట్టం కాగితమే. కుర్చీ పోయినా సంఘం ఉంటే పని ఆగదు. మాస్టర్ ఓడినంకనే రేనగర్ లేచింది.

గిప్పుడు పూణె, బెంగుళూరు సైట్లల్ల ఉండి ఇది సదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక మాట. మూడు, నాలుగేండ్ల సంది ఒక్క కాడ్నే ఉంటున్నోళ్లు ఓటు ఆడికి మార్చుకునేది ఆలోచించున్రి. ఒక్కలు గాదు, గల్లీకి గల్లీ. ఊర్ల భూమి ఉన్నది, ఓటు పోతే పట్టా పోతదని భయపడకున్రి, ఓటుకు పట్టాకు సంబంధం లేదు. భవన నిర్మాణ పనిల ఏడాదిల 90 రోజులు చేసినోళ్లు లేబర్ బోర్డుల పేరు రాయించుకోవచ్చు. బిల్డర్ల కాడ వసూలైన సెస్ పైసలు అండ్ల మీకోసమే ఉన్నయి. రేషన్ కార్డు దేశంల యాడైనా నడుస్తది. ఇయ్యన్నీ ఒక్కొక్కరు తిరిగితే కావు. ఒక సైటుకు ఒక వాట్సాప్ గ్రూపు ఉన్నట్టే ఒక సంఘం ఉండాలె.

ఊర్లల్ల ఉన్నోళ్లకు గూడ ఒక మాట ఉన్నది. జెర చేదుగనే ఉంటది.

కాలువల నీళ్లొచ్చినంక మన జిల్లాలల్ల వరి పెరిగింది. నాట్లకు ఇప్పుడు బీహార్, బెంగాల్ నుంచి గుంపులు దిగుతున్నయి. రైస్ మిల్లుల బస్తాలు మోసేది వాళ్లే. గద్వాల దిక్కు సీడ్ పత్తి చేన్లకు గూడ బయటి కూలోళ్లు వస్తున్నరు. వాళ్లను మనం ఏమని పిలుస్తున్నం? పేరు పెట్టి పిలుస్తున్నమా, "ఏ బీహారీ" అంటున్నమా? పొలం గట్టు మీద రేకుల కొట్టంల పండబెట్టి, పొద్దుగూకంగ వాళ్ల భాషను ఎక్కిరిస్తున్న వీడియోలు నేను మన పిల్లల స్టేటస్‌లల్లనే చూసిన. నూటయాభై ఏండ్ల కింద మన ముత్తాతలు షోలాపూర్ల దిగినప్పుడు ఆ ఊరోళ్లు వాళ్ల భాషను గూడ గట్లనే ఎక్కిరించి ఉండొచ్చు. ఆ ఊరే తర్వాత వాళ్ల మనుమలను అయిదుసార్లు పార్లమెంటుకు, బీడీ కార్మికుల మాస్టర్‌ను మూడుసార్లు అసెంబ్లీకి పంపింది.

ఇయ్యాల వనపర్తి రైస్ మిల్లుల బస్తా మోస్తున్న బీహారోని బిడ్డ మన సర్కారు బడిల తెలుగు నేర్చుకుంటున్నదనుకో. ముప్పై ఏండ్లకు ఆమె ఈడ కూలోళ్ల దిక్కు నిలవడి ఓటడిగితే మనం వేస్తమా? అమెరికా మెసేజ్‌కు చప్పట్లు కొట్టే ముందు ఒక్కసారి ఎవరికి వాళ్లం దీనికి జవాబు చెప్పుకుందాం.